మరలివచ్చు విద్య

ముందుకు సాగువానికి లోకమున బిరుదములు పెక్కు కలవు. ధీరుడు, సాహసి, వెనుదీయనివాడు అని జనులు వానిని కొనియాడుదురు. నడుమ మరలివచ్చినవానికి మిగులునవి నిందావాక్యములే. ‘వెన్ను చూపినాడు’ అందురు. ‘తోక ముడిచినాడు’ అందురు. ‘కాడి పడవైచినాడు’ అందురు. పొలము దున్నుటయందును, చదువునందును ఈ మాటలకు కొంత న్యాయము కలదు. పట్టిన పనిని కారణము లేక విడుచుట మంచిది కాదు. కాని మరలివచ్చుటనే ఒక విద్యగా నేర్పవలసిన వృత్తి యొకటి కలదు. అది విమానము నడపుట. చిన్న విమానములో ఒంటరిగా దూరప్రయాణమునకు బయలుదేరు విద్యార్థి నేర్వవలసిన పాఠములలో మిక్కిలి కఠినమైనదియు, మిక్కిలి అవసరమైనదియు ఈ మరలివచ్చుటయే.

విమానచోదకుడు కాదలచినవారు మన దేశమున 16 ఏండ్లు నిండిన పిమ్మట విద్యార్థి అనుమతిపత్రము పొందవచ్చును. వృత్తిగా విమానము నడపుటకు 18 ఏండ్లు నిండవలెను. మొత్తము 200 గంటలు గగనమున గడపి యుండవలెను. అందులో 20 గంటలు తానే బాధ్యుడై ఒక చోటినుండి మఱియొక చోటికి చేసిన దూరప్రయాణములు కావలెను. వీనినే వైమానికులు ‘క్రాస్ కంట్రీ’ ప్రయాణములందురు. ఈ ప్రయాణములలో ఒకటియైనను 300 నాటికల్ మైళ్లకు తగ్గరాదు. దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయములలో దిగి తీరవలెను. నాటికల్ మైలు అనగా 1.852 కిలోమీటర్లు. ఆకాశమునను సముద్రమునను దూరమును ఈ మైళ్లతోనే కొలుతురు.

ఈ నియమము తెలుగునేలపై ఎట్లుండునో పటమును ముందుంచుకొని చూచినచో సులభముగా తెలియును. విజయవాడ చెంతనున్న గన్నవరము నుండి రాజమహేంద్రవరము చెంతనున్న మధురపూడికి సరళరేఖలో సుమారు 68 నాటికల్ మైళ్లు. అచ్చటినుండి విశాఖపట్టణమునకు సుమారు 88. విశాఖనుండి తిన్నగా గన్నవరమునకు మరలివచ్చుటకు సుమారు 156. మొత్తము 312 మైళ్లగును. నియమము నెరవేరినది. ఇద్దరు కూర్చుండుటకు మాత్రమే వీలుగల సెస్నా 152 వంటి విమానము గంటకు సుమారు 90 నాటికల్ మైళ్లు పోవును. కావున గాలిలేని దినమున ఈ ప్రయాణమంతయు మూడున్నర గంటల పని. గన్నవరమునుండి పోవునపుడు కుడివైపున గోదావరి డెల్టాయు, ఆవల సముద్రమును. రాజమహేంద్రవరము దాటిన పిదప ఎడమవైపున రంప కొండలును కానవచ్చును.

కాగితముపై ఇది అంకగణితపు లెక్కవలె కనబడును. అది లెక్కయే, కాని ఆ లెక్కలో మారుచుండు అంకె యొకటి కలదు. అది గాలి. ఈ జాతి విమానములో పనికివచ్చు పెట్రోలు సుమారు 93 లీటర్లు. గంటకు సుమారు 23 లీటర్లు ఖర్చగును. అనగా నాలుగు గంటలకు సరిపడు ఇంధనము. అందులో అరగంటకు చాలునంత పెట్రోలును ముట్టక మిగుల్చుకొనుట వైమానికుల నియమము. విశాఖనుండి గన్నవరమునకు గల 156 మైళ్లు గాలిలేనిచో 1 గంట 44 నిమిషములలో ముగియును. గంటకు 15 మైళ్ల ఎదురుగాలి వీచినచో అదే దూరమునకు 2 గంటల 5 నిమిషములు పట్టును. పెరిగినవి 21 నిమిషములే. దారిలో ఎచ్చటను పెట్రోలు పోయించుకొననిచో, మిగుల్చుకొనదలచిన అరగంటలో మూడింట రెండు వంతులు ఆ గాలియే తినివేయును.

పక్కగాలి చేయు అపకారము మఱియొకటి. విమానపు ముక్కు సరియైన దిక్కునకే ఉండును. విమానము మాత్రము ప్రక్కకు జరుగుచుండును. వైమానికులు దీనికొక సులభసూత్రము చెప్పుదురు. ఒక్క డిగ్రీ దారి తప్పి 60 మైళ్లు పోయినచో, చేరవలసిన చోటికి ఒక మైలు ఎడముగా చేరుదురు. పది డిగ్రీలు తప్పినచో పది మైళ్లు. రాజమహేంద్రవరమునుండి విశాఖకు పోవువాడు కుడివైపునుండి వీచు గాలిని గమనింపక, 60 మైళ్లు కన్నుమూసికొని పోయినచో, మైదానమును విడిచి పది మైళ్లు ఎడమకు, అనగా కొండలలోనికి, జరిగియుండును. అందుచేతనే శిక్షకులు విద్యార్థులను కుడివైపు సామర్లకోట, తుని, అనకాపల్లి మీదుగా పోవు రైలుమార్గమును చూచుకొనుచు పొమ్మందురు. ఇనుపదారి ఒక చేతికఱ్ఱ వంటిది. దానిని కనుచూపులో నుంచుకొన్నవాడు తప్పిపోవుట అరుదు.

ఇక ఆ కొండల సంగతి. మధురపూడికి ఉత్తరముగా సరళరేఖలో సుమారు 20 నాటికల్ మైళ్ల దూరమున రంపచోడవరము కలదు. 2022 వరకు అది తూర్పు గోదావరి జిల్లాలోనిది. తూర్పు కనుమల పాదమున, సీతపల్లి వాగు చెంత, కొండరెడ్లును కోయదొరలును తరతరములుగా నివసించు సీమకు అది ముఖ్యస్థానము. అల్లూరి సీతారామరాజు 1922 నుండి 1924 వరకు పోరాటము సాగించిన కొండసీమలో నిదియు ఒక భాగము. పైనుండి చూచువానికి భూపతిపాలెము జలాశయము అద్దపు ముక్కవలె మెఱయును. అటుపైన మారేడుమిల్లి మొదలుకొని కొండలు ఒకదాని వెనుక నొకటి లేచును. పడమట గోదావరి పాపికొండల నడుమ ఇరుకు దారి చేసికొని వచ్చును. ఈశాన్యముగా పోయినకొలది కనుమలు హెచ్చి, పాడేరు ప్రాంతమున సుమారు 1,680 మీటర్ల శిఖరము వరకు ఎదుగును.

మధురపూడినుండి రంపచోడవరము మీదుగా ఎగురుటకు చిన్న విమానమునకు పదమూడు, పదునాలుగు నిమిషములు చాలును. ఇంత చిన్న ప్రయాణములో భయమేమి యని తోచవచ్చును. నైరృతి ఋతుపవనము వచ్చినప్పుడు ఆ భయమేమో ఆ ఊరి బాలురకే బాగుగా తెలియును. సముద్రముమీదినుండి వచ్చిన తేమగాలి కనుమలను తాకి పైకెక్కును. పైకెక్కినకొలది చల్లబడును. చల్లబడిన తేమ మబ్బగును. మైదానమున ఎండ కాయుచుండగనే మారేడుమిల్లి కొండలు మబ్బులో మునిగి కనబడకపోవుట ఆ సీమవారు ప్రతి వానకాలమునందును చూచునదే. కొండ అచ్చటనే యున్నది, కాని లేనట్లున్నది. వైమానికునకు ఇంతకంటె ప్రమాదకరమైన స్థితి లేదు.

అట్టి వేళ ‘కొంచెము పైకెక్కి పోవుదము’ అనుకొనుట విద్యార్థికి సహజముగా కలుగు ఆలోచన. దీనికిని ఒక లెక్క కలదు. చిన్న విమానపు ఇంజను బలము 110 అశ్వశక్తులు. ఎండ హెచ్చినకొలదియు, ఎత్తు పెరిగినకొలదియు గాలి పలుచనగును. ఎక్కు వేగము తగ్గును. నిమిషమునకు సరాసరి 150 మీటర్లు ఎక్కుననుకొన్నను, 1,500 మీటర్లు పైకి పోవుటకు పది నిమిషములు కావలెను. ఆ పది నిమిషములలో విమానము ఇరువది కిలోమీటర్లకు పైగా ముందుకు పోవును. అది మధురపూడికిని రంపచోడవరమునకును గల దూరములో సగమునకు మించినది. కావున కొండ ఎదుట కనబడిన పిదప ఎక్కదలచినవాడు అప్పటికే ఆలస్యము చేసినవాడు.

మరలుటకును చోటు కావలెను. విమానము బండివలె నిలిచిన చోట తిరుగదు. నిమిషమునకు అర్ధచక్రము చొప్పున మెల్లగా తిరిగినచో, పోయిన దిక్కునకు ఎదురుదిక్కు పట్టుటకు ఒకటిన్నర కిలోమీటరుకు మించిన వెడల్పు కావలెను. మైదానమున అంత చోటు ఎల్లప్పుడును ఉండును. ఇరుకు లోయలో ఉండదు. అందువలన మరలవలెనను నిశ్చయము లోయలో ప్రవేశింపక ముందే కలుగవలెను. ఆలస్యముగా కలిగిన వివేకము ఇచ్చట అవివేకముతో సమానము.

మబ్బులోనికి పోయిన విద్యార్థికి ఏమగునో భారతకథ నెఱిగిన పిల్లలకు సులభముగా బోధపడును. అభిమన్యునకు పద్మవ్యూహమున ప్రవేశించుట తెలియును, వెలువడుట తెలియదు. మబ్బు అట్టి వ్యూహమే. దానిలో ప్రవేశించుటకు ఏ నేర్పును అక్కరలేదు. బయటపడుటకు మాత్రము, పరికరములను మాత్రమే చూచి విమానము నడపు ప్రత్యేకశిక్షణ వలయును. మనుష్యుడు తాను నిటారుగా నున్నాడో, ఒరిగియున్నాడో కంటివలనను, చెవిలోపలి సూక్ష్మావయవమువలనను తెలిసికొనును. కంటికి దిగంతరేఖ కనబడనప్పుడు చెవి మోసగించును. మెల్లగా ఒరిగిన విమానము తిన్నగా నున్నట్లే తోచును. దానిని సరిచేయబోయి వాడు మఱింత ఒరుగజేయును. విమానము సుడి తిరుగుచు క్రిందికి దిగును. లోనివానికి అది తెలియదు.

ఇది ఊహ కాదు. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు ఒక పరిశోధన ప్రకటించిరి. పరికరములతో నడపుట నేర్వని 20 మంది విద్యార్థులను, ప్రక్కన శిక్షకుని కూర్చుండబెట్టి, బయటి దృశ్యము కనబడకుండునట్లు కృత్రిమముగా ఏర్పాటు చేసి పరీక్షించిరి. ఇరువదిమందియు విమానముపై అదుపు కోల్పోయిరి. ఒకడు 20 సెకండ్లలోనే కోల్పోయెను; మిక్కిలి ఓర్చుకొన్నవాడు 480 సెకండ్లు నిలిచెను. సరాసరి 178 సెకండ్లు. మూడు నిమిషములైనను కాదు.

ఈ పరిశోధనలోని భయంకరమైన అంకెనే లోకము జ్ఞాపకముంచుకొన్నది. దానిలోని రెండవ భాగము అంతకంటె విలువైనది. ఆ విద్యార్థులకే పిదప కొలది గంటలు శిక్షణ నిచ్చిరి. ఏమి నేర్పిరి? మబ్బును చీల్చుకొని ముందుకు పోవుట కాదు. విమానమును నిదానించి, చేతులను అదిమిపట్టక, పరికరమును చూచుచు, మెల్లగా సగము చక్రము తిరిగి వచ్చిన దారినే పోవుట. ఈ ఒక్క పాఠము నేర్చిన పిదప వారు ఇంచుమించు ప్రతి ప్రయత్నమునందును సురక్షితముగా బయటపడిరి. ఇరువదిమందికి మరణము తప్పదని తేలిన చోట, వారినందరిని బ్రతికింపగల విద్య ఏదియో తెలిసినది. అది మరలివచ్చు విద్య.

ఐనచో మనుష్యులేల మరలిరారు? తెలియక కాదు. మనస్సు ఒప్పక. బయలుదేరుటకు ముందు పది రోజులు పటములతో కుస్తీ పట్టియుందురు. గంటకు గంటకు డబ్బు పోయుచుందురు. తోటివారు నిన్ననే ఆ ప్రయాణమును పూర్తిచేసి వచ్చియుందురు. చేరవలసిన చోట ఎవరో ఎదురుచూచుచుందురు. గమ్యము దగ్గరపడినకొలది ఈ ఒత్తిడి హెచ్చును. ‘ఇంకెంత? పది మైళ్లే గదా!’ అను మాట ఎందరి ప్రాణములనో తీసినది. ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’ యని తెలుగువారి సామెత. మబ్బు ముందు నిలిచిన వైమానికుని స్థితి అట్టిది కాదు. వానికి ముందు మాత్రమే నుయ్యి. వెనుక తేటయైన ఆకాశము, చూచివచ్చిన దారి, దిగుటకు తగిన నేల కలవు. ఉన్న దారిని లేనట్లు భావించుటయే వాని పొరపాటు.

అనుభవము గలవారికి ఈ అపాయము లేదని యెవరును తలపరాదు. 2009 సెప్టెంబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డి హైదరాబాదులోని బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరెను. దానికి రెండు ఇంజనులు. నడపువారు శిక్షణ పొందిన ఇరువురు. నల్లమల అడవిలో పావురాలగుట్టపై అది కూలి అందలి ఐదుగురును మరణించిరి. దారిలో ఒక చమురు ఒత్తిడి సూచిక విషయమై నడపువారి దృష్టి చాలసేపు చిక్కుకొన్నదనియు, వాతావరణము చెడియున్నను దారి మార్చుకొనక సాగిరనియు, పిదప బలమైన వానమబ్బులోని దిగుగాలికి లోనైరనియు విచారణసంఘము తేల్చినది. మరణించినవారిని నిందించుటకు ఈ సంగతి చెప్పుట కాదు. రెండు ఇంజనులును, ఇద్దరు చోదకులును ఉన్నచోటనే మబ్బు అట్లు చేయగలిగినప్పుడు, ఒక ఇంజనుతో, ఒంటరిగా, కొలది గంటల అనుభవముతో పోవు విద్యార్థి ఎంత జాగరూకుడై యుండవలెనో గ్రహించుటకు.

దీనికి కొందరు బదులు చెప్పుదురు. ‘అందరును ఇట్లు మరలివచ్చినచో లోకమున సాహసకార్యము లెట్లు జరుగును? తొలి వైమానికులు మబ్బులకు వెఱచిరా?’ అని. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానము భారతీయ వైమానికచరిత్రలోనే కలదు. ఇంగ్లండునకును భారతదేశమునకును నడుమ ఒంటరిగా, ఒక నెలలోపల విమానప్రయాణము చేసిన మొదటి భారతీయునకు 500 పౌనుల బహుమానమిత్తునని ఆగాఖాన్ ప్రకటించెను. 1930లో ముగ్గురు యువకులు పూనుకొనిరి. మన్‌మోహన్‌సింగ్ గమ్యము చేరెను గాని గడువు దాటుటచే బహుమానము దక్కలేదు. అస్పీ ఇంజనీరు ఇంగ్లండునుండి కరాచీకి బయలుదేరెను. వానికప్పటికి 17 ఏండ్లు. 1929లో భారతదేశమున జారీయైన మొదటి వైమానిక అనుమతిపత్రమును పొందిన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి ఇంగ్లండునకు బయలుదేరెను.

ఆ ఇరువురును ఈజిప్టులోని అబూకిర్ అను చోట కలిసికొనిరి. అస్పీ అచ్చట నిలిచిపోయి యుండెను. ఇంజనుకు కావలసిన స్పార్కుప్లగ్గు వానియొద్ద లేదు. పందెములో నున్నను, ప్లగ్గు చెడిన ఇంజనుతో వాడు ఎడారిమీదికి ఎగురలేదు. ఆగినాడు. టాటా తనయొద్ద అదనముగా నున్నదానిని తన పోటీదారునికే యిచ్చినాడు. అస్పీ మే నెల 11వ తేదీన కరాచీ చేరి బహుమానము గెలిచినాడు. అతడే 1960లో భారత వైమానికదళమునకు అధిపతి యైనాడు. టాటా 1932 అక్టోబరు 15వ తేదీన కరాచీనుండి బొంబాయికి తపాలాతో చిన్నవిమానము నడిపి, మన దేశపు తొలి విమానసర్వీసునకు పునాది వైచినాడు. నిలువవలసిన చోట నిలిచినవాడు గెలిచినాడు. నిలిచినవానికి చేయూత నిచ్చినవాడును చరిత్రలో నిలిచినాడు. సాహసమునకును నిదానమునకును వైరము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

మరలుటలో రెండు విధములు కలవు. భారతకథలోని ఉత్తరకుమారుడు అంతఃపురమున ప్రగల్భములు పలికి, కౌరవసేనను చూచినంతనే రథము దిగి పారిపోయెను. అది భయము. ముందు ఏ ఆలోచనయు లేనివానికి అపాయము ఎదుటబడినప్పుడు కలుగునది భయమే. శిక్షణ పొందిన వైమానికుడు మరలుట అట్టిది కాదు. వాడు నేలపై నున్నప్పుడే, మనస్సు చల్లగా నున్నప్పుడే, తన హద్దులను వ్రాసికొనును. ముందు ఐదు కిలోమీటర్లు కనబడనిచో మరలుదును. మబ్బు ఫలానా ఎత్తుకు దిగినచో మరలుదును. ఫలానా ఊరు దాటునప్పటికి పెట్రోలు ఇంతకు తగ్గినచో దగ్గరి విమానాశ్రయమున దిగుదును అని. ఆకాశమున వాడు చేయవలసినది క్రొత్తగా ఆలోచించుట కాదు. తనకు తానిచ్చుకొన్న మాటను నిలబెట్టుకొనుట. ఉత్తరుడు మాట తప్పి మరలెను. వైమానికుడు మాట నిలుపుకొనుటకై మరలును. బయటికి రెండును ఒక్కటిగా కనబడవచ్చును. వాని నడుమ నేలకును నింగికిని గల దూరము కలదు.

నేటి విమానములలో ఉపగ్రహముల సాయముతో దారి చూపు జీపీఎస్ పరికరములు కలవు. మబ్బుల చిత్రములు బయలుదేరుటకు ముందే చేతిలోని ఫోనులో కనబడును. ఇవి గొప్ప ఉపకారములు. వీనిని వాడనివాడు మూర్ఖుడు. ఐనను పరికరము ‘ముందు కొండ కలదు’ అని చెప్పగలదు గాని, విమానపు ముక్కును త్రిప్పు చేయి మనుష్యునిదే. ఆ చేతిని నడపునది వాని స్వభావము. దానిని ఏ కర్మాగారమును తయారుచేయలేదు.

రంప కొండలవారికి ఈ స్వభావము క్రొత్త కాదు. వానకాలమున కొండవాగు పొంగినప్పుడు దారి నెఱిగినవాడు గట్టున నిలుచును. ఆవలియొడ్డున తన యిల్లు కనబడుచున్నను నిలుచును. నీరు తీయుటకు ఒక పూట పట్టినను ఓర్చుకొనును. కానిచో వచ్చిన దారినే మరలిపోవును. వానిని పిరికివాడని ఆ సీమలో నెవ్వరును అనరు. వాగు బలమెఱిగినవాడు అందురు. మోకాలి లోతు నీరే గదా యని దిగి, అన్నీ తెలిసినవానివలె నవ్వుచు పోయి, తిరిగిరానివారు మైదానమునుండి వచ్చినవారిలోనే యెక్కువ యుందురు. విమానశిక్షణాలయములలో ఖరీదైన పుస్తకములతో నేర్పునది ఈ గట్టున నిలుచు బుద్ధినే.

కావున ఈ విషయమున బాధ్యత విద్యార్థిది మాత్రమే కాదు. వానికై నేలపై ఎదురుచూచువారిది కూడ. సగము దారి పోయి మరలివచ్చిన విద్యార్థిని శిక్షకుడు మొదట అడుగు ప్రశ్న ఏది? ‘ఏల పూర్తిచేయలేదు?’ అనియా, ‘ఏమి చూచి మరలితివి?’ అనియా? మొదటి ప్రశ్న వానిని దోషిగా నిలబెట్టును. రెండవది వాని వివేకమును గౌరవించును. మరలివచ్చినందుకు చీవాట్లు తిన్నవాడు, పెట్రోలు ఖర్చు వృథాయైనదని తల్లిదండ్రుల నిట్టూర్పులు విన్నవాడు, తోటివారి నవ్వుల పాలైనవాడు రెండవసారి మరలడు. మబ్బు కనబడినప్పుడు వానికి కొండ జ్ఞప్తికి రాదు. ఆ నవ్వులు జ్ఞప్తికి వచ్చును. ఆనాడు వానిని చంపునది మబ్బు కాదు. వానిని చూచి నవ్వినవారందరును ఆ నేరమున భాగస్వాములు. వృథాయైన పెట్రోలును మఱునాడు కొనవచ్చును. వృథాయైన ప్రాణమును కొనుటకు అంగడి లేదు.

ఇది కొండసీమ బాలబాలికలకు సంబంధింపని దూరపు ముచ్చట యని తలపరాదు. రంపసీమకు ఉత్తరమున, సీలేరునది కావలనున్న ఒడిశాలోని మల్కనగిరి జిల్లాకు చెందిన అనుప్రియ లాక్రా అను గిరిజనయువతి ఇంజనీరింగు చదువు మాని భువనేశ్వరములో విమానశిక్షణ పొంది, 2019లో ఒక విమానసంస్థలో సహచోదకురాలుగా చేరెను. ఆమె తండ్రి పోలీసు శాఖలో హవల్దారు. కనుమల నీడలో పెరిగినవారికి గగనము అందనిది కాదని ఆమె నిరూపించినది. రేపు మధురపూడి రన్‌వేపై ఒంటరిగా విమానము నెక్కువారిలో రంపచోడవరము పాఠశాలలో చదివినవారుండుట అసంభవము కాదు. వారికి మబ్బు స్వభావమును ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. వారి పెద్దలు వాగు గట్టున నేర్పిన ఓర్పును వారు తమతోకూడ విమానములోనికి తీసికొనిపోయిన చాలును.

సాహసము లేనిదే విమానము నేలను విడువదు. ఆ మాట నిజము. కాని ఆ సాహసము విమానమును పైకి లేపుటతో సరిపోదు. దానిని మరల నేలకు క్షేమముగా చేర్చినప్పుడే దానికి పూర్ణత. వైమానికుని దినచర్యపుస్తకములో ప్రతి ప్రయాణమునకును బయలుదేరిన వేళయు, దిగిన వేళయు వ్రాయుదురు. ‘మబ్బు కారణమున మరలితిని’ యని అందులో వ్రాసికొన్న విద్యార్థి, ఆ పుస్తకములో తరువాతి పుటను కూడ తన చేతితోనే వ్రాయును.